ఒక్క రేక

మా జనగామ బజారులో 'వైన్స్' అని నిలువెత్తు అక్షరాలతో బోర్డులు కట్టిన దుకాణాలు వున్నవి. మా కాలేజీకి పోయే దారిలోనే ఒకటి వుంది. పదిహేనేళ్ళుగా దాని ముందు నుంచి తలవంచుకుని పోయేవాణ్ణే గాని, ఆ బోర్డు మీది మాటకు అర్థమేమిటని తెలుగు పాఠం చెప్పుకునే నాకే ఎన్నడూ తోచలేదు. కిందటి సంక్రాంతికి అమెరికా నుంచి మా బావమరిది వచ్చిన తరువాత తోచింది.

అతను కాలిఫోర్నియాలో వుంటాడు. వస్తూ వస్తూ నాకొక ద్రాక్ష వైను సీసా తెచ్చాడు. "బావా! ఇది మన బ్రాందీ లాగా గుటుక్కున మింగేది కాదు. మొదట రంగు చూడాలి, తరువాత వాసన చూడాలి, ఆ పైన ఒక్క గుక్క నోట్లో నిలపాలి. మేము రోజూ రాత్రి భోజనంతో ఒక గ్లాసు తీసుకుంటాం, అంతే" అన్నాడు. నేను స్టీలు గ్లాసులో పోసుకుని ఒక గుక్క తాగాను. చెప్పవద్దూ, నానబెట్టిన చింతపండు నీళ్ళలో చెక్కముక్క నాకినట్టనిపించింది. అతను నవ్వి, "రుచి ఒక్కనాటికి రాదు, నేర్చుకోవాలి బావా" అన్నాడు.

మా ఆవిడ నవ్వలేదు. సీసా తీసుకుపోయి అటక మీద పెట్టింది. "నాన్నను చూసిన వాళ్ళం మనం. ఆ మాట మరిచిపోయావా తమ్మీ?" అని మాత్రం అన్నది. మా మామగారు మంచి వుద్యోగంలో వుండి, సీసా బ్రాందీకి అలవాటుపడి, యాభై రెండేళ్ళకే పోయారు. ఆ యింట్లో పెరిగిన యిద్దరు పిల్లల్లో ఒకరు గ్లాసును వేళ్ళ మధ్య తిప్పి వాసన చూడడం నేర్చుకున్నారు. రెండోవారు ఆ వాసన గుమ్మం దాటితే తలుపు వేసుకోవడం నేర్చుకున్నారు.

బావమరిది వెళ్ళిపోయాక, ఆ బోర్డున్న దుకాణంలోకి మొదటిసారి కాలుపెట్టి, "ద్రాక్ష వైను వుందా?" అని అడిగాను. అక్కడి కుర్రవాడు నన్ను ఎగాదిగా చూసి, "గది ఎవరు తాగుతరు సార్? బ్రాందీ వుంది, విస్కీ వుంది, బీరు వుంది" అన్నాడు. బోర్డు నిండా వైనే. లోపల మాత్రం ఒక్క బొట్టు లేదు.

తరగతిలో తగిలిన దెబ్బ

ఆ వారంలోనే ఒకనాడు తరగతిలో పర్యాయపదాలు చెప్తున్నాను. అమరకోశంలో మద్యానికి వున్న పేర్లు విన్నవాళ్ళకు ఆశ్చర్యం కలుగుతుంది. సుర, హాల, మదిర, కాదంబరి అనేవి అందరూ ఎరిగినవే. వాటితో పాటు 'గంధోత్తమ' అనీ 'ప్రసన్న' అనీ రెండు పేర్లున్నవి. మంచి వాసన గలది గంధోత్తమ; తేరి తేటపడినది ప్రసన్న. అంటే మా బావమరిది కాలిఫోర్నియాలో నేర్చుకున్న కంటి పరీక్ష, ముక్కు పరీక్ష ఎన్నో శతాబ్దాల కిందటనే మన నిఘంటువుకెక్కినవన్నమాట. ఆ వుత్సాహంలో నేను, "ఇవన్నీ నాగరికుల పానీయాలు. మన కల్లూ అదీ వీటి సరసన రావు. అది కడుపులో పోసుకునేదే గాని రుచి చూసేది కాదు" అన్నాను.

వెనక బెంచీలో ఒక కుర్రవాడు లేచి నిలబడ్డాడు. "సార్, మీరు ఎన్నడన్న తాటికల్లు తాగిండ్రా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి తాగకుండనే రుచి ఎట్ల చెప్తున్నరు సార్?" అన్నాడు.

తరగతి గొల్లున నవ్వింది. నేనూ నవ్వాననిపించుకున్నాను. గంట కొట్టిన తరువాత తెలిసింది, వాళ్ళ నాయన గీత కార్మికుడట. మూడేళ్ళ కింద తాడిచెట్టు మీద నుంచి జారిపడి ఎడమచెయ్యి వంకరపోయిందట. ఆ చేత్తోనే యిప్పటికీ చెట్టెక్కుతున్నాడట. ఈ కుర్రవాడు చదువుతున్నది ఆ కల్లు మీదనే. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పి, ఒక పిల్లవాడి యింటి అన్నాన్ని అంత తేలికగా తీసిపారేశానే అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు వాణ్ణి పిలిచి, "ఆదివారం మీ మండువకు వస్తాను, మీ నాయనతో చెప్పు" అన్నాను.

మా ఆవిడతో దాచలేదు. ఆవిడ కాసేపు వూరుకుని, "ఒక్క రేక. అది కూడా పగటిపూట. తాగి నేరుగా యింటికి రావాలి" అన్నది. అవే నాకు పెట్టిన షరతులు.

తాళ్ళ కింద పాఠం

జనగామ తాళ్ళ సీమ. మెట్ట చేలగట్ల మీద బారులు తీరిన తాళ్ళు లేని వూరు ఇక్కడ అరుదు. మా జిల్లాలో తాటికొండ అనే వూరే వుంది. ఔరంగజేబు చివరి రోజుల్లో మొగలాయి అధికారులను గడగడలాడించి, 1708లో వరంగల్లును కొల్లగొట్టి, 1710లో ప్రాణాలు పోగొట్టుకున్న సర్వాయి పాపన్న పుట్టింది గీత వృత్తి వారి యింట. ఆయన పేరుతో ముడిపడిన ఖిలాషాపురం కోట యీ జిల్లాలోనే వుంది. ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివినవాణ్ణే. ఆ తాళ్ళ కింద కూర్చున్నది మాత్రం అదే మొదటిసారి.

మేము వెళ్ళేసరికి పొద్దు బారెడెక్కింది. గౌడన్న మోకు నడుముకు బిగించి, ముస్తాదు తగిలించుకుని, చూస్తుండగానే చెట్టు కొసకు చేరాడు. పూగెలను కొసన కత్తితో పలుచగా గీస్తే ఆ గాటు నుంచి బొట్టుబొట్టుగా రసం లొట్టిలోకి దిగుతుంది. మళ్ళీ పూటకు మళ్ళీ ఒక పొర గీయాలి. ఎక్కువ గీస్తే గెల తొందరగా అయిపోతుంది. గీయడం మానేస్తే గాటు ఆరిపోయి ధార ఆగుతుంది. పండుగైనా, జ్వరమైనా, యింట పెళ్ళి అయినా చెట్టు చెట్టే.

దిగివచ్చి, మొదట నాలుగు బొట్లు నేల మీద సాక పోసి, కాటమయ్యను తలచుకున్నాడు. తాటాకు రేక మడిచి నా చేతుల్లో పెట్టాడు. లొట్టి వంచబోతుంటే, నేను బావమరిది చెప్పిన పద్ధతిలో ముందు వాసన చూడబోయాను. ఆయన సంతోషపడి, "గట్లనే సారూ! చూడకుండ తాగెటోనికి ఏ చెట్టైనా ఒక్కటే" అన్నాడు.

ఆ మాటతో పాఠం మొదలయింది. తాళ్ళన్నీ ఒకటి కావట. మగచెట్టు కల్లు పోద్దాటి కల్లు. ఆడచెట్టుకు పరుపుదాడనీ, పండుదాడనీ వేరే పేర్లు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క కాలం, ఒక్కొక్క రుచి. రేగడి గట్టు మీది చెట్టు ఒక తీరు, ఎర్రచెలకలో చెట్టు ఒక తీరు అని ఆయన చెప్పాడు. రెండు లొట్లలోంచి కొంచెం కొంచెం పోసి చూపించాడు. మొదటిది నాలుక కొసన తియ్యగా తగిలి, గొంతు దిగేటప్పుడు సన్నగా పులిసింది. రెండోదానిలో తీపి తక్కువ, లేత ముంజ వాసన ఎక్కువ. చేతిలోని రేక పచ్చివాసన కూడా దానిలో కలిసింది. నురుగు మీసానికంటింది. కొడుకు పక్కన కూర్చుని నా ముఖం వైపే చూస్తున్నాడు. "రెండూ ఒకటి కావు" అన్నాను. వాడు తండ్రి వైపు చూశాడు. నేను యిరవై ఏళ్ళలో ఇచ్చిన ఏ మార్కులకూ ఏ విద్యార్థి ముఖమూ అట్లా వెలగలేదు.

అన్నిటికంటె పెద్ద పాఠం వేళను గురించి. చెట్టు నుంచి దిగే రసం వట్టి చక్కెర నీరు. దానినే నీరా అంటాం. గాలిలోనూ, లొట్టి గోడకు అంటుకునీ వుండే ఈస్టు, కొన్ని బాక్టీరియాలు వెంటనే పని మొదలుపెట్టి, ఆ చక్కెరను సారాయంగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తవి. ఆ నురుగు ఆ వాయువుదే. ద్రాక్షరసం వైనుగా మారేదీ యీ దారినే. కాకపోతే ద్రాక్షకు రోజులు, వారాలు పడితే, కల్లుకు గంటలు చాలు. పొద్దుటి కల్లు తీపి, మధ్యాహ్నానికి ఘాటు, మాపటికి పులుపు, మరునాటికి వెనిగరు దారి. వైను సీసాను ఏళ్ళు దాచి గొప్ప చెప్పుకుంటారు. కల్లును దాచలేరు. దాని ఆయుస్సంతా ఒక్క పగలే.

లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆగుతుంది. ఆ తియ్యని రసాన్ని కాచితే తాటిబెల్లం. హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద ప్రభుత్వం 2023లో నీరా కేఫ్ తెరిచింది కూడా పులియని యీ రసాన్ని పట్నం వాళ్ళకు అందించాలనే.

ఈ లెక్కను యింటివాళ్ళందరూ తెలుసుకుంటే మంచిది. కల్లులో సారాయం సుమారు నూటికి నాలుగైదు పాళ్ళు. ద్రాక్ష వైనులో పన్నెండు, పదమూడు. మన దుకాణాల బ్రాందీలో నలభై రెండు పాళ్ళ పైన. అందుకే కల్లు గాని వైను గాని నిదానంగా, తిండితో, మాటలతో తాగే వస్తువులయినవి. మండువలో మా ముందుకు గుడాలు వచ్చినవి. వుడికిన శనగలకు కారం, వుల్లిపాయ తగిలించి తింటూ ఒక గుక్క తాగితే పులుపు తీపిగా మారుతుంది. ఫ్రెంచివాళ్ళు జున్నుతో వైను తాగేటప్పుడు చేసేదీ యిదే.

రెండో రేక పోయబోతే చెయ్యి అడ్డం పెట్టాను. గౌడన్న బలవంతం చెయ్యలేదు. "రుచి దెలిసేది మొదటి రేకలనే సారూ, తర్వాతిది వట్టి తాగుడే" అన్నాడు.

మానుకోట ఈతలు

వారం తరువాత పని మీద మహబూబాబాదు వెళ్ళాను. పెద్దలు యిప్పటికీ మానుకోట అనే అంటారు. అక్కడ నాతో చదువుకున్న మిత్రుడొకడు వున్నాడు. అతను ఈతవనం చూపించాడు. తాడికి గెల గీస్తారు. ఈతకు మట్టల కింద మొవ్వునే చెక్కుతారు. ఒక ఏడు ఒక పక్క, మరో ఏడు మరో పక్క గీయడంతో చెట్టు మొదలు నుంచి కొస దాకా మెట్లు మెట్లుగా గాట్లు పడతవి. వాటిని లెక్కపెట్టి ఆ చెట్టు ఎన్నేళ్ళు కాపురాన్ని పోషించిందో చెప్పవచ్చు. ఈతకల్లు తాటికల్లు కంటె తేలిక, తీపి జాస్తి. నాకు యిదే ఎక్కువ నచ్చింది. నచ్చిందన్న మాట ఎందుకు నచ్చిందో చెప్పగలిగే స్థితికి వచ్చినందుకు లోపల గర్వపడ్డాను కూడా.

ఆ గర్వం మధ్యాహ్నం దాకా నిలవలేదు. రైలు స్టేషను దారిలో మిత్రుడు ఒక కల్లు కాంపౌండు ముందు ఆపాడు. సీసాల్లో తెల్లటి ద్రవం. దాని ముందు వరసగా మనుషులు. "ఇన్ని సీసాలకు సరిపడే చెట్లు యీ చుట్టుపక్కల ఎక్కడున్నవో చూపించు" అన్నాడు. చూపించలేకపోయాను. కొన్ని చోట్ల నీళ్ళలో చక్కెర, తెల్లదనానికి ఏవో పదార్థాలు, మత్తుకు క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, అల్ప్రాజోలం వంటి మందులు కలిపి కల్లు పేరుతో అమ్ముతున్నారని తెలంగాణలో ఎన్నోసార్లు బయటపడింది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో అట్లాంటి కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇంకా ఘోరమేమంటే, దానికి అలవాటుపడినవాడు హఠాత్తుగా మానితే చేతులు వణకడం, పిచ్చిచూపులు, మూర్ఛలు పట్టుకుంటవి. అప్పుడు కావలసింది యింట్లో తిట్లు కాదు, ఆస్పత్రి.

చూసి గాని, వాసన పట్టి గాని ఆ మందుల సంగతి తేల్చలేము. ఎంతటి రుచిజ్ఞుడికైనా యిక్కడ నాలుక పనిచెయ్యదు. పనికివచ్చేది ఒక్కటే: చెట్టు చూడాలి, ఎక్కి దింపిన మనిషి ఎవరో తెలియాలి. ఆ రెండూ తెలియని చోట మంచినీళ్ళు తాగి రావడమే మర్యాద.

ఇప్పచెట్టు కింద మా ఆవిడ

ఏప్రిల్‌లో మా ఆవిడ కాళేశ్వరం దర్శనం చేసుకుందామన్నది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న ఆ గుడి భూపాలపల్లి జిల్లాలో గోదావరి ఒడ్డున వుంది. బొగ్గుగనుల భూపాలపల్లి దాటితే అడవి. తెల్లవారుజామున దారి పక్కన ఇప్పచెట్ల కింద ఆడవాళ్ళు, పిల్లలు వంగి పూలు ఏరుతూ కనిపించారు. కారు ఆపమన్నది ఆవిడే.

ఇప్పపూవు చెట్టున వుండగా కొయ్యరు. తెల్లవారేలోపు అదే రాలుతుంది. మీగడ రంగులో, కండగా, చిన్న గిన్నెలా వుంటుంది. ఎండబెడితే ఎండుద్రాక్షలా ముడుచుకుంటుంది. ఎలుగుబంటికీ అదంటే ప్రాణం గనక, ఏరేవాళ్ళు పది మంది కలిసి వస్తారు. కోయలకు అది దైవసమానమైన చెట్టు. పూవును వండుకుంటారు, గింజల నుంచి నూనె తీస్తారు, పూవును పులియబెట్టి బట్టీ పట్టి సారా తీస్తారు. బట్టీ పట్టినది గనక అది కల్లు కంటె చాలా ఘాటు. నేను దాని జోలికి పోలేదు. నా పాఠం అక్కడిదాకా కాదు.

ఒక ముసలమ్మ గుప్పెడు ఎండుపూలు మా ఆవిడ కొంగులో పోసి, "తిను బిడ్డా, తియ్యగుంటది" అన్నది. ఆవిడ నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. "బెల్లంలా వుంది. వెనక ఏదో అడవి వాసన వుంది" అన్నది. నేను వెంటనే అందుకుని, "చూశావా, అదే రుచి చూడడమంటే! మీ నాన్నగారికి కూడా ఎవరైనా యిట్లా నేర్పి వుంటే..." అన్నాను.

ఆవిడ నా మాట పూర్తి కానివ్వలేదు. "మా నాన్నకు రుచి తెలియకనా? ఏ బ్రాందీ ఏ కంపెనీదో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. రుచి తెలిసినవాడు ఆగుతాడని మీ పుస్తకాల్లో వుందేమో. ఆగడం వేరే విద్య" అన్నది.

కారులో చాలా దూరం నేను మాట్లాడలేదు. ఆవిడ అన్నది నిజం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ళ సారా వ్యతిరేకోద్యమం కల్లు దుకాణపు రుచుల మీద చర్చ కాదు, ఆగలేని మగవాళ్ళ మీద తిరుగుబాటు. దాని బలంతోనే 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినవి. 1997లో రెండోది సడలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023 జనవరిలో, ఇంత తాగితే ఆరోగ్యానికి భయం లేదు అని చెప్పదగిన కొలత ఏదీ లేదని ప్రకటించింది. కాబట్టి తాగనివారిని తాగమనడానికి నేను యిది రాయడం లేదు. తాగేవారు తమ ముందున్నదేమిటో, ఎక్కడిదో, ఎవరి చేతి చలవో తెలుసుకుని, ఎక్కడ ఆగాలో తాగకముందే నిర్ణయించుకోమని మాత్రం చెప్పగలను. నాకు ఆ నిర్ణయం మా ఆవిడ చేసిపెట్టింది. అందరి యిళ్ళల్లోనూ చేసేవారుండరు, వున్నా వినేవారుండరు.

ఇప్పుడు నేను నెలకొక ఆదివారం మండువకు వెళ్తాను. ఒక్క రేక. తాగడం కంటె గౌడన్న మాటలు వినడమే ఎక్కువ. 2024 జూలైలో ప్రభుత్వం 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో గీత కార్మికులకు పట్టీలు, తాళ్ళు యివ్వడం మొదలుపెట్టింది. ఆయనకు కూడా ఒకటి వచ్చింది. మొదట, "గివి కట్టుకుంటె చెట్టు నవ్వుతది" అని మూలన పడేశాడు. కొడుకు అలిగి రెండు రోజులు అన్నం ముట్టకపోతే కట్టుకున్నాడు. ఇప్పుడు అది లేనిదే ఎక్కడం లేదు. నేను ఆ రేకలోని రుచిని మెచ్చుకునేటప్పుడు, ఆ పట్టీ ఆయన నడుముకు వుందా లేదా అని ముందు చూస్తాను. అదీ ఆ రుచిలో భాగమేనని నాకు ఆలస్యంగా తెలిసింది.

మొన్న తరగతిలో మళ్ళీ ఆ పర్యాయపదాలు వచ్చినవి. గంధోత్తమ అన్న మాట దగ్గర ఆగి, వెనక బెంచీ వైపు చూసి, "దీనికి వుదాహరణ నువ్వు చెప్పు" అన్నాను. వాడు లేచి, "పొద్దుగాల దించిన పోద్దాటి కల్లు, సార్" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బావమరిది తెచ్చిన సీసా యింకా అటక మీదనే వుంది. దాని పక్కన మా ఆవిడ ఒక డబ్బాలో తాటిబెల్లం దాచింది. సాయంత్రం కాఫీలో వేస్తుంది. మొన్న ఫోనులో బావమరిది, "ఏం బావా, రుచి నేర్చుకున్నావా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపు మా ఆవిడ ఫోను తీసుకుని, "మీ బావకు రుచి వచ్చింది. ఆగడం నేను నేర్పుతున్నాను. నీకు ఎవరు నేర్పుతున్నారురా?" అని అడిగింది.

అవతల చాలాసేపు మాట వినిపించలేదు.